లెవెల్ ట్రాన్స్‌లేటర్ ఎలా ఎంచుకోవాలి? పనిచేయకపోతే ఎక్కడ వెతకాలి?

ఫోన్ నుంచి మెసేజ్ పెడితే పొలంలో మోటారు ఆన్ కావాలి. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు వంశధార పక్కన పొలాలున్న ఇళ్లలో, ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలకు ఇంతకన్నా పనికొచ్చే ప్రాజెక్టు ఉండదని నా అభిప్రాయం. కోడ్ సరిగ్గా రాసి, వైర్లన్నీ సరిచూసినా మెసేజ్ అందుకునే జీఎస్ఎమ్ మాడ్యూల్ ఒక్కోసారి ఉలకదు, పలకదు. అప్పుడు ముందుగా అనుమానించాల్సింది వోల్టేజీనే. వేర్వేరు వోల్టేజీల మీద నడిచే రెండు చిప్‌ల మధ్య సిగ్నల్‌ను ఒక స్థాయి నుంచి మరో స్థాయికి మార్చేదే లెవెల్ ట్రాన్స్‌లేటర్.

మొదట డేటాషీట్ (చిప్ తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) తెరిచి అంకెలు కాగితం మీద రాసుకోండి. ఆర్డినో ఊనో బోర్డులోని ప్రధాన చిప్ ఏటీమెగా328పి 5 వోల్టుల మీద నడుస్తుంటే, సిగ్నల్ కనీసం 3 వోల్టులుంటేనే ‘హై’ అని కచ్చితంగా గుర్తిస్తుంది. సిమ్800ఎల్ అనే జీఎస్ఎమ్ మాడ్యూల్‌లో డేటా పంపే సీరియల్ పిన్ ఇచ్చేది దాదాపు 2.8 వోల్టులే. అందుకే అది ఒకరోజు పనిచేసి మర్నాడు మొరాయించవచ్చు.

తర్వాత సిగ్నల్ ఎటు వెళ్తుందో చూడండి. 5 నుంచి 3.3కి దిగేది, నెమ్మదైనదీ అయితే 1కె, 2కె (వెయ్యి, రెండు వేల ఓమ్‌ల) రెసిస్టర్లు రెండు చాలు. సిమ్ మాడ్యూల్‌కైతే 2.8 దాటకుండా విలువలు మార్చుకోవాలి. వేగం ఎక్కువైతే 74ఎల్‌వీసీ245 అనే చిప్‌ను 3.3 వోల్టుల మీద నడపండి. కింది నుంచి పైకి వెళ్లాలంటే 5 వోల్టుల మీద 74ఏహెచ్‌సీటీ125 మంచిది; ‘హై’ అని గుర్తించడానికి దానికి 2 వోల్టులు చాలు. కొనేటప్పుడు చివరి ‘టీ’ ఉందో లేదో చూడండి. అది లేని 74హెచ్‌సీ రకానికి దాదాపు 3.5 వోల్టులు కావాలి.

ఐ2సీ (రెండు వైర్ల మీద డేటా పంపే పద్ధతి) సెన్సర్ల దగ్గరే ఎక్కువమంది చిక్కుకుంటారు. ‘దిశ దానంతటదే కనిపెడుతుంది’ అని టీఎక్స్‌బీ0108 అనే ట్రాన్స్‌లేటర్ చిప్ కొంటారు. దాని అవుట్‌పుట్‌లో సుమారు 4కె రెసిస్టెన్స్ ఉంటుంది. 5 వోల్టులకు 4.7కె పుల్-అప్ (సిగ్నల్ వైరును హై వైపు లాగే రెసిస్టర్) తగిలించి ఉంటే, సున్నాకు దిగాల్సిన సిగ్నల్ గీత 2.3 వోల్టుల దగ్గర ఆగిపోతుంది. అది హై కాదు, లో కాదు. ఐ2సీకి బీఎస్ఎస్138 మాస్‌ఫెట్ బోర్డు తీసుకోండి, రెండు వైపులా పుల్-అప్‌లు ఉన్నాయో లేదో చూడండి.

ఇంకా పనిచేయకపోతే మల్టీమీటర్ తీయండి. ముందు గ్రౌండ్‌లు కలిశాయా? తర్వాత రెండు సప్లైలనూ చిప్ కాళ్ల మీదే కొలవండి, వైరు అవతలి చివర కాదు. టీఎక్స్‌బీ రకంలో ఓఈ (అవుట్‌పుట్‌లను ఆన్ చేసే) పిన్ ‘లో’ అయితే అవుట్‌పుట్‌లన్నీ నిద్రపోతాయి. ఐ2సీ ఊరికే ఉన్నప్పుడు గీతలు ఒకవైపు 3.3, మరోవైపు 5 చూపించాలి. 5 ఉండాల్సిన చోట 3 దరిదాపుల్లో ఉంటే ఆ వైపు పుల్-అప్‌కు సప్లై అందడం లేదు.

మీటర్ బాగానే చూపిస్తున్నా డేటా చెడిపోతుంటే వేగం 400 నుంచి 100 కిలోహెర్ట్జ్‌కు తగ్గించండి. బీఎస్ఎస్138 బోర్డుల మీద సాధారణంగా ఉండే 10కె పుల్-అప్‌తో, వైరు పొడవు పెరిగేకొద్దీ సిగ్నల్ నింపాదిగా పైకి లేస్తుంది. వేగం తగ్గించగానే కుదిరితే వైరు కుదించండి, లేదా 4.7కె వేయండి.

మెసేజ్ పంపే క్షణంలోనే మాడ్యూల్ రీసెట్ అవుతుంటే ట్రాన్స్‌లేటర్ జోలికి పోవద్దు. ఆ క్షణంలో జీఎస్ఎమ్ మాడ్యూల్ 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సప్లై దగ్గర పెద్ద కెపాసిటర్ వేసి, మందపాటి వైరు వాడండి.