బొబ్బర్ల పక్కన తోటకూర: ఎరువు ఎక్కడ తేడా కొడుతోంది?

విశాఖ చుట్టుపక్కల, ఆనందపురం, పద్మనాభం వైపు చిన్న కమతాల్లో బొబ్బర్లు, గోరుచిక్కుడు సాళ్ల మధ్య తోటకూరో పాలకూరో వేస్తుంటారు. నెల తిరిగేసరికి ఆకుకూర రైతుబజారుకు వెళ్లిపోతుంది, కాయ ఆ తర్వాత అందుకుంటుంది. లెక్క బాగానే ఉంది, గొడవంతా ఎరువు దగ్గరే. ఆకుకూరకు నత్రజని దండిగా కావాలి. పప్పుజాతి మొక్కకు అదే ఎక్కువైతే గాలిలోంచి నత్రజని పట్టుకునే తన పని తాను మానేస్తుంది. మడంతా ఒకే చేత్తో యూరియా చల్లేసే చోటే ఎక్కువ తంటాలు వస్తాయి.

బొబ్బర్లు ఏపుగా ఉన్నాయి, పూత లేదు

ఆకు ముదురు పచ్చగా, తీగ గుబురుగా పెరిగి, కొసల్లో పేనుబంక పట్టిందంటే ముందు యూరియానే అనుమానించాలి. రుజువు వేళ్ల దగ్గర దొరుకుతుంది. విత్తి మూడు నాలుగు వారాలైన మొక్కను పారతో మట్టిగడ్డతో సహా లేపండి. చేత్తో పీకితే వేళ్లకుండే బుడిపెలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. వేళ్లను నీళ్లలో మెల్లగా ఆడించి కడిగి, ఒక బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగు కనబడితే అందులో ఉండే రైజోబియం అనే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తోందన్నమాట. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే ఇవ్వడం లేదు. అసలు బుడిపెలే లేకపోతే నేలలో నత్రజని ఎక్కువై ఉండాలి, లేదా సరైన బాక్టీరియా లేకపోయి ఉండాలి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. బుడిపె వేరు పక్కన అతుక్కుని ఉంటుంది, బొటనవేలితో నెడితే ఊడొస్తుంది. వేరు తానే ఉబ్బి ముడి పడినట్టుంటే అది నేలలోని నులిపురుగు (నెమటోడ్) పని. దానికీ ఎరువుకీ సంబంధం లేదు.

ఇప్పటికి ఆ సాలుకు యూరియా ఆపేయండి. వచ్చే పంటకు ఎకరం విత్తనానికి 200 గ్రాముల రైజోబియం ప్యాకెట్‌ను చల్లార్చిన బెల్లం నీళ్లతో పట్టించి, నీడలో ఆరబెట్టి, అదే రోజు విత్తండి. శిలీంధ్రనాశిని కూడా పట్టించేట్టయితే అది ముందు, రైజోబియం చివర. బొబ్బర్లలాగే పప్పుజాతివైన మినుము, పెసరకు సిఫార్సు చేసే నత్రజనే ఎకరాకు 8 కిలోలు, అంటే సుమారు 17 కిలోల యూరియా. అదీ మొదట్లోనే. మధ్యలో వేరే పంట సాళ్లున్నప్పుడు అంత కూడా పట్టదు.

పక్కన బొబ్బర్లున్నా తోటకూర పాలిపోతోంది

పప్పుజాతి పక్కనుంటే ఆకుకూరకు ఎరువక్కర్లేదన్న మాట చాలాచోట్ల వినబడుతుంది. నమ్మకండి. బొబ్బరి చేసుకునే నత్రజని ముందు దాని కడుపుకే. పక్క మొక్కకు అప్పటికప్పుడు అందేది కొద్దే. వేళ్లు, ఆకులు కుళ్లాక తర్వాతి పంటకు దక్కుతుంది. అందుకే కాయ అయిపోయాక మొక్కను పీకి గట్టున పడేయకుండా మొదలంటా కోసి, వేళ్లను నేలలోనే వదిలి, ఆకు కూడా మడిలోనే కలిపేయాలి.

తోటకూరలో ముదురాకులు ముందు పసుపెక్కితే నత్రజని లోపం. ఆకుకూర సాలుకు మాత్రమే చదరపు మీటరుకు 5 గ్రాముల యూరియా, అంటే కాస్త గోపురంగా ఒక టీస్పూను, మొక్కలకు మూడు నాలుగు అంగుళాల దూరంలో చిన్న గాడి తీసి వేసి, మట్టి కప్పి, తడి ఇవ్వండి. కోత కోసిన వెంటనే వేయాలి, కోతకు ముందు వద్దు. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వినబడితే సంచి విప్పకండి. తేలిక ఎర్రనేలలో ఒక్క పెద్ద వానకు నత్రజని వేళ్లు దాటి కిందికి పోతుంది.

లేతాకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయండి. నీరు నిలిచే మడైతే ముందు కాలువ తీయండి.

ఆకు అంచులు మాడాయి

తడి ఆకు మీద యూరియా పలుకులు పడ్డాయి, లేదా పచ్చి కోళ్ల పెంట వేశారు. ఒకట్రెండు తడులు బాగా ఇవ్వండి. ఇకమీదట బాగా చివికిన గత్తమే వాడండి.

రెండూ గిడసబారాయి

యూరియా వేసినా ఎదుగుదల లేక, ఆకు వెనక ఊదా ఛాయ కనబడితే భాస్వరం అందడం లేదేమో చూడాలి. ఎర్రనేలలు దాన్ని పట్టేసుకుంటాయి. పైగా భాస్వరం నేలలో పెద్దగా కదలదు కాబట్టి మొలిచాక పైన చల్లితే దండగే. మినుము, పెసర లెక్క ఎకరాకు 20 కిలోలు, అంటే 125 కిలోల సూపర్ ఫాస్ఫేట్. పప్పుజాతి సాలు ఎంతమేర ఉంటే అంతకు లెక్కేసి విత్తనం కిందే పడేలా వేయండి. డీఏపీ కన్నా సూపరే మేలని నా అభిప్రాయం. అందులో గంధకం, కాల్షియం కూడా వస్తాయి, నత్రజని ఉండదు.

బొబ్బరి ఆకుల మీద పసుపు, ఆకుపచ్చ కలగాపులగంగా మచ్చలు

ఇది పల్లాకు తెగులు, తెల్లదోమ తెచ్చే వైరస్. ఏ ఎరువుకూ తగ్గదు. పసుపు చూసి కంగారుగా యూరియా వేస్తే లేత ఆకు పెరిగి దోమకు ఇంకా వీలవుతుంది. మచ్చ కనబడ్డ మొక్కలను పీకి దూరంగా పాతిపెట్టి, సాళ్ల మధ్య పసుపు రంగు జిగురు అట్టలు కట్టండి. పక్కన కోతకొచ్చిన ఆకుకూర ఉంటుంది కాబట్టి తెల్లదోమకు వేపనూనె దాటి ఏ మందు కొట్టాలన్నా, ముందు ఆ కూర కోసేయండి.