డెలావేర్‌లో ఫ్లూ సీజన్ మొదలయ్యేలోపు చూసుకోవాల్సినవి

అక్టోబర్ నుంచి విల్మింగ్టన్, నెవార్క్ వైపు మన ఇళ్లలో దీపావళి పిలుపులతో పాటే దగ్గులూ మొదలవుతాయి. ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ (చిన్నపిల్లల్నీ ముసలివాళ్లనీ ఎక్కువ ఇబ్బంది పెట్టే శ్వాసకోశ వైరస్), కోవిడ్.

– 3 నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే ఇంట్లో మందు వేసి చూడొద్దు. నేరుగా ఎమర్జెన్సీకే. ఆ వయసులో పెద్ద ఇన్‌ఫెక్షన్‌కి కూడా జ్వరం ఒక్కటే గుర్తు కావచ్చు.

– వయసు పైబడినవాళ్లకీ, గర్భిణులకీ, ఆస్తమా ఉన్నవాళ్లకీ ఫ్లూ అనుమానం వస్తే ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఫ్లూకి ఇచ్చే టామిఫ్లూ మందు లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. "సోమవారం చూద్దాంలే" అంటే ఆ గడువు కాస్తా పోతుంది.

– ఇండియా నుంచి తెచ్చుకున్న డోలో, ఇక్కడి టైలెనాల్, జలుబు మందు డేక్విల్, మూడింట్లోనూ ఉన్నది పారాసెటమాలే. ఇక్కడి డబ్బా మీద అసిటమినోఫెన్ అని ఉంటుంది. తెలియక మూడూ మింగితే లివర్‌కి దెబ్బ.

– ఫ్లూ టీకా ఇప్పుడే. రక్షణ రావడానికి సుమారు 2 వారాలు పడుతుంది. థాంక్స్‌గివింగ్ ముందు రోజు వేయించుకుంటే ఆ విందుకి అక్కరకు రాదు.

– అమ్మానాన్నలు వస్తున్నారా? విజిటర్ ఇన్సూరెన్స్ సాధారణంగా టీకాల ఖర్చు ఇవ్వదు. ఫార్మసీలో ధర ముందే అడగండి.

– వాంతుల నోరోవైరస్‌కి శానిటైజర్ చాలదు. సబ్బూ నీళ్లే.