ఎండాకాలం ఫీల్డ్ పనికి ముందు: మెడికల్ రెప్‌లకు, వాళ్లలా ఊళ్లు తిరిగేవారికి

ఏప్రిల్ టూర్ ప్రోగ్రామ్ (టీపీ), అంటే ఏ రోజు ఏ ఊరో రాసే ప్లాన్, పంపే ముందు ఒక్క నిమిషం ఆగండి. పాత నెల టీపీనే కాపీ కొట్టి, తేదీలు మార్చి పంపడం మనలో చాలామందికి అలవాటు. మిగతా నెలల్లో దానితో పెద్ద నష్టం లేదు. ఎండాకాలంలో మాత్రం జూన్ దాకా ఒంట్లో సత్తువ నిలుస్తుందా లేదా అన్నది చాలావరకు ఆ కాగితమే తేలుస్తుంది. నీళ్లు, మజ్జిగ, టోపీ అన్నీ దాని తర్వాతే.

మన రోజు ఎలా నడుస్తుందో చూడండి. డాక్టర్ల ఓపీ ఒంటిగంటకో రెండింటికో అయిపోతుంది. మళ్లీ సాయంత్రం ఆరుకు మొదలవుతుంది. మధ్యలో ఖాళీయే కదా అని బండి తీసి తర్వాతి ఊరికి బయల్దేరతాం. కొత్తగూడెంలో పొద్దుటి కాల్స్ (డాక్టర్లను కలవడం) ముగించి, భోంచేసి, భద్రాచలం దాకా దాదాపు 40 కిలోమీటర్లు బైక్ మీద. మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు బయట తిరగొద్దని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఏటా చెప్పేది, మనం రోడ్డు మీద ఉండేది ఒకే టైం. పైగా 2 నుంచి 4 మధ్య ఒళ్లు మామూలుగానే మత్తుగా ఉంటుంది, కడుపు నిండా అన్నం పడితే చెప్పనే అక్కర్లేదు.

కాబట్టి ఊరు మారే పని తెల్లవారుజాముకు మార్చండి. ఆరింటికి బయల్దేరితే ఎండ ముదిరేలోపు చేరిపోతారు. మధ్యాహ్నం ఉన్న ఊళ్లోనే స్టాకిస్ట్ (హోల్‌సేల్ మందుల డీలర్) దగ్గర పని, నీడపట్టున మందుల షాపుల కాల్స్, రిపోర్టింగ్ పెట్టుకోండి. వేసవి రెండు నెలలకు దూరపు ఎక్స్‌స్టేషన్లను (అదే రోజు వెళ్లి తిరిగొచ్చే ఊళ్లను) అవుట్‌స్టేషన్‌గా (రాత్రి అక్కడే ఉండేలా) మార్చమని మేనేజర్‌ని అడగండి. సుఖం కోసం అడుగుతున్నట్టు కాకుండా, సాయంత్రం కాల్స్ పడిపోకుండా ఉండటానికని లెక్కతో చెబితే వినే అవకాశం ఎక్కువ. లాడ్జి ఖర్చు ఒప్పుకోకపోతే ఆ ఒక్క ప్రయాణమైనా ఆర్టీసీ బస్సులో చేయండి. రాత్రి ఓపీ అయ్యాక హైవే మీద బైక్ తోలడం మాత్రం దీనికి మందు కాదు.

ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత చెమట త్వరగా పడుతుంది, దానిలో పోయే ఉప్పూ తగ్గుతుంది. అందుకని ఏసీ ఆఫీసులో కాన్ఫరెన్స్ ముగించుకుని వచ్చిన మర్నాడే ఎండలు మండే మాచర్ల, రెంటచింతల వైపు రోజంతా తిరిగే ప్రోగ్రామ్ వేసుకోకండి. మొదటి నాలుగైదు రోజులు హెడ్‌క్వార్టర్స్‌లోనే, అంటే మీరుండే ఊళ్లోనే తిరగండి. కొత్తగా చేరిన కుర్రాళ్ల విషయంలో సీనియర్లు ఇది మరీ గమనించాలి. సీనియర్‌తో కలిసి తిరిగే జాయింట్ వర్క్‌లో మొహమాటపడి వాళ్లు నోరు తెరిచి చెప్పరు.

నీళ్ల సంగతి. దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి కాల్‌కు ముందు నాలుగు గుక్కలు తాగడం తేలికైన పద్ధతి. మధ్యాహ్నానికి మూత్రం ముదురు పసుపులో వస్తుంటే మీరు వెనకబడ్డట్టే. మామూలు రోజుల్లో ఉప్పేసిన పల్చటి మజ్జిగ, వేళకు భోజనం ఉంటే చాలు. బాగా చెమట పట్టిన రోజో, విరేచనాలైనప్పుడో ఓఆర్‌ఎస్ కావాలి. అది కూడా డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్. లీటరు నీళ్లకు కలిపే ఆ పొడి మొత్తం 20.5 గ్రాములు, అందులో గ్లూకోజ్ 13.5 గ్రాములే. అదే పేరు పెట్టుకుని అమ్మిన తీపి పానీయాల్లో చక్కెర చాలా ఎక్కువ. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజనీ సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడొద్దంది. మందులమ్మే మనమే అట్టపెట్టె చూసి మోసపోతే ఏం బాగుంటుంది? పెద్ద ప్యాకెట్‌ని గ్లాసు నీళ్లలో కలిపి తాగడం కూడా తప్పే. బీపీ, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు నీళ్లూ ఉప్పూ ఎంత తీసుకోవాలో ముందే తమ డాక్టర్‌ని అడగాలి. బీపీకి నీరు తీసే మాత్ర వాడేవారైతే మార్చిలోనే అడగాలి. రోజూ పది మంది డాక్టర్లను కలుస్తూ మన గురించి ఒక్కరినీ అడగం, అదొక విచిత్రం.

ఆడవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. బాత్రూం దొరకదని పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా తిరుగుతారు. యూరిన్ ఇన్ఫెక్షన్లు అక్కడే మొదలవుతాయి. టీపీ వేసేటప్పుడే ఏ ఆసుపత్రిలో, ఏ పెట్రోల్ బంకులో శుభ్రమైన బాత్రూం ఉందో రూట్‌తో పాటు రాసిపెట్టుకోండి.

తిండి: పొద్దున ఇడ్లీ, పెసరట్టు లాంటివి, మధ్యాహ్నం కొంచెం తక్కువగా పెరుగన్నం. పూరీ, బిర్యానీ సెలవు రోజుకు. టీ మానక్కర్లేదు గానీ సాయంత్రం ఐదు దాటాక తాగితే లాడ్జిలో నిద్ర పట్టదు.

బట్టలు లేతరంగు కాటన్, ఫుల్ హ్యాండ్స్. హెల్మెట్ కింద తడి రుమాలు. మే నెలలో టై కట్టమనే కంపెనీకి ఎవరో ఒకరు చెప్పాల్సిందే. ఇన్సులిన్ వాడేవారు పెన్నును బైక్ డిక్కీలో గానీ ట్యాంక్ కవర్లో గానీ పెట్టొద్దు. వాడుతున్న పెన్ను 30 డిగ్రీలు దాటని చోట ఉండాలి, అలాగని ఐస్‌కు నేరుగా తగలకూడదు.

తలనొప్పి, వికారం, కండరాలు పట్టేయడం మొదలైతే తర్వాతి కాల్ వదిలేసి నీడలో కూర్చోండి. తోటి రెప్ తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బే అనుకోండి, చెమట పడుతున్నా సరే. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపే బట్టలు వదులు చేసి ఒంటి నిండా నీళ్లు పోయండి, గాలి విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐస్ పెట్టండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. బ్యాగులో శాంపిల్ ఉంది కదా అని పారాసెటమాల్ వేయొద్దు. ఆ వేడికి అది పనిచేయదు, లివర్ మీద భారం మాత్రం పెరుగుతుంది.