పీవీసీ పట్టీలకు డై చేయించే ముందు జాగ్రత్తలు

వరంగల్‌లో కిటికీలకో తలుపులకో పీవీసీ పట్టీలు కొత్త డిజైన్‌లో చేయించాలనుకుంటే, డైకి (కరిగిన ప్లాస్టిక్‌ను రంధ్రం గుండా నెట్టి పట్టీ ఆకారం తెచ్చే అచ్చు) డబ్బు కట్టే ముందే ఇవి చూసుకోండి.

• పట్టీ గోడల (ప్లాస్టిక్ పొర) మందం అంతటా ఒకేలా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం ఇదే. ఒకచోట 2 మిల్లీమీటర్లు, పక్కనే 4 ఉంటే మందమైన వైపు ఆలస్యంగా చల్లారి ఎక్కువ కుంచించుకుపోతుంది, పట్టీ అటే వంగుతుంది.

• మూలలు పదునుగా వద్దు, కొంచెం గుండ్రంగా ఉంచండి.

• డై దాటగానే ప్లాస్టిక్ ఉబ్బుతుంది, లాగితే సన్నబడుతుంది. అందుకే డై రంధ్రం కొలత డ్రాయింగ్ కొలతలా ఉండదు. డై చేసేవారితో ముందే మాట్లాడండి.

• మన ఎండలు మర్చిపోవద్దు. 3 మీటర్ల గట్టి పీవీసీ పట్టీ 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ సందు వదలండి. ఆరుబయట వాడేదైతే యూవీ స్టెబిలైజర్ (ఎండకు ప్లాస్టిక్ త్వరగా పాడవకుండా కలిపే పదార్థం) తప్పకుండా అడగండి.