బ్రేకు తొక్కాక కారు ఎంత దూరం పోయి ఆగుతుంది?

బ్రేకు ఆపేది చక్రాన్ని. కారును ఆపేది టైరుకీ రోడ్డుకీ మధ్య ఉన్న పట్టు. ఒక్కో టైరు రోడ్డును తాకే చోటు ఇంచుమించు అరచేయంత. ఎంత మంచి బ్రేకులైనా ఆ నాలుగు అరచేతుల పట్టును మించి పనిచేయలేవు.

పెడల్ తొక్కగానే దాని వెనకున్న బూస్టర్ ఇంజిన్ వ్యాక్యూమ్‌తో మీ కాలి బలాన్ని పెంచి మాస్టర్ సిలిండర్‌ను నెడుతుంది. అక్కడ పుట్టిన ఒత్తిడిని బ్రేక్ ఆయిల్ నాలుగు చక్రాలకూ చేరుస్తుంది. ముందు చక్రాల దగ్గర క్యాలిపర్ రెండు ప్యాడ్ల మధ్య డిస్క్‌ను బిగించి పట్టుకుంటుంది. చాలా కార్లకు వెనక డ్రమ్ములుంటాయి. వాటిలో షూలు బయటికి విచ్చుకుని డ్రమ్‌ను లోపలి నుంచి ఒరుసుకుంటాయి. బ్రేకు పడగానే బండి బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ఎక్కువ పని ముందు బ్రేకులదే.

ఇక దూరం లెక్క. అడ్డం వచ్చింది చూసి, కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒకటిన్నర సెకను అనుకుందాం. పొడి తారురోడ్డు, మంచి టైర్లు ఉంటే గట్టిగా తొక్కినప్పుడు వేగం ప్రతి సెకనుకూ గంటకు సుమారు 25 కి.మీ. చొప్పున తగ్గుతుంది. గంటకు 60 కి.మీ. వేగంతో వెళ్తుంటే బ్రేకు పడేలోపే 25 మీటర్లు పోతాం, పడ్డాక ఇంకో 20. 80లో 33, ఆపైన 35. అదే 100లో 42, ఆపైన 55, అంటే మొత్తం 97 మీటర్లు. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగు రెట్లవుతుంది.

ఇదే లెక్కను ఇంకోలా చూడండి. 80లో వస్తున్న కారు సరిగ్గా లారీ వెనక ఆగిందనుకోండి. అదే చోట లారీని చూసి, అంతే గట్టిగా బ్రేకు తొక్కిన 100 వేగం కారు ఆ లారీని ఇంకా 70 కి.మీ. వేగంతో గుద్దుతుంది. డ్యాష్‌బోర్డు మీద తేడా 20 మాత్రమే.

వాన పడితే పట్టు ఇంకా తగ్గుతుంది. తడిలో వేగం ప్రతి సెకనుకూ గంటకు 18 కి.మీ. చొప్పున మాత్రమే తగ్గితే, 100 నుంచి ఆగడానికి 55 కాస్తా 77 మీటర్లవుతుంది. టైరు గాడులు ఉన్నది నీటిని పక్కకు తోయడానికే. చట్టం 1.6 మి.మీ. లోతు వరకూ ఒప్పుకుంటుంది కానీ, వానాకాలానికి 3 మి.మీ. దగ్గరే మార్చడం మేలు. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూసి, బ్రేకు వేస్తూనే స్టీరింగ్ తిప్పే వీలిస్తుంది. అంతే తప్ప రోడ్డుకు లేని పట్టును తేలేదు. కంకర మీద దూరం పెరగొచ్చు కూడా. ఏబీఎస్ పనిచేసేటప్పుడు పెడల్ కాలి కింద దడదడలాడుతుంది. చాలామంది అప్పుడు భయపడి కాలు తీసేస్తారు. తీయకండి, ఇంకా గట్టిగా తొక్కి పట్టుకోండి.

బూస్టర్ పనితనం ఇంట్లోనే తెలుస్తుంది. ఇంజిన్ ఆపి పెడల్‌ను ఐదారుసార్లు తొక్కితే గట్టిపడుతుంది. అలాగే తొక్కి ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త లోపలికి దిగితే బూస్టర్ బాగున్నట్టే. పెడల్ స్పాంజీలా మెత్తగా ఉంటే లైన్లో గాలి చేరి ఉండొచ్చు. తొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ సీళ్లు పోయాయో, ఎక్కడో లీకుందో చూపించాలి. బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగితే క్యాలిపర్ పట్టేసిందేమో చూడాలి. ప్యాడ్ మందం 3 మి.మీ.కు వస్తే మార్చేయండి. డబ్బాలో బ్రేక్ ఆయిల్ తగ్గిందని వెంటనే పోసేయకండి. ప్యాడ్లు అరిగినా మట్టం దిగుతుంది, లీకైనా దిగుతుంది. ముందు ఏదో తేల్చుకోవాలి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే.

ఈ తేడా ఘాట్ రోడ్డు మీద ప్రాణాల మీదికి తెస్తుంది. తిరుమల నుంచి తిరుపతికి దిగేది సుమారు 700 మీటర్ల ఎత్తు. 1400 కిలోల కారును బ్రేకుల మీదే దింపితే, 100 వేగం నుంచి దాదాపు 18 సార్లు ఆపినంత వేడి వాటిలోకే పోతుంది. ప్యాడ్లు పట్టు వదులుతాయి, ఆయిల్ మరిగి బుడగలొస్తాయి, పెడల్ నేలకు తగులుతుంది. అందుకే దిగేటప్పుడు రెండో గేరు, మరీ వాలైతే ఒకటో గేరు; ఆటోమేటిక్‌లో ఎల్ (తక్కువ గేరు) గానీ మాన్యువల్ మోడ్ గానీ వేయండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచొద్దు. కాసేపు గట్టిగా వేసి వేగం తగ్గించి, పూర్తిగా వదిలేయండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్లో దించేవాళ్లున్నారు. ఇప్పటి ఇంజిన్లు గేరులో దిగుతున్నప్పుడు ఇంధనాన్ని దాదాపు పూర్తిగా కట్ చేస్తాయి, మిగిలేదేమీ లేదు. ఇంజిన్ ఆపితే మరీ ప్రమాదం: బూస్టర్ సాయం రెండు మూడు తొక్కులకే అయిపోతుంది.

మాడు వాసన వస్తే సురక్షితమైన చోట ఆగి అరగంట చల్లారనివ్వండి. నీళ్లు పోయకండి, డిస్క్ వంకరపోవచ్చు. దిగుతుండగానే పెడల్ లోపలికి పోతే గబగబా పలుమార్లు తొక్కండి, ఒక్కో గేరూ తగ్గిస్తూ రండి, హ్యాండ్ బ్రేక్ బటన్ నొక్కి ఉంచే కొద్దికొద్దిగా లాగండి.