ట్యూబ్ ప్రీయాంప్‌కి తక్కువ బడ్జెట్‌లో పవర్ యాంప్ ఎలా చూసుకోవాలి

హైదరాబాద్ కోటిలోని గుజరాతీ గల్లీలో ఏ షాపుకెళ్లి పవర్ యాంప్ (స్పీకర్లని నడిపే యాంప్) అడిగినా ముందు చెప్పేది వాట్సే, "వంద వాట్స్ అన్నా, గోడలు ఊగుతయ్" అంటారు. మీ దగ్గర ట్యూబ్ ప్రీయాంప్ (పవర్ యాంప్‌కి ముందుండే, వాక్యూమ్ ట్యూబ్‌లతో పనిచేసే యాంప్) ఉంటే మాత్రం ముందు అడగాల్సింది ఇన్‌పుట్ ఇంపీడెన్స్ ఎంత అని, అంటే లోపలికొచ్చే సిగ్నల్‌కి ఆ యాంప్ ఎన్ని ఓమ్స్ అడ్డు చూపిస్తుందని. ఇది పట్టించుకోకుండా కొని నేను నెల రోజులు తిప్పలు పడ్డా, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

నాది 12ఏయూ7 అనే ట్యూబ్‌తో నడిచే ప్రీయాంప్, కేథోడ్ ఫాలోయర్ (అవుట్‌పుట్ ఇంపీడెన్స్‌ని తగ్గించే సర్క్యూట్) అవుట్‌పుట్, ఇంపీడెన్స్ 600 ఓమ్స్ దాకా ఉంటుంది, కొన్న యాంప్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్స్. యాంప్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ ప్రీయాంప్ అవుట్‌పుట్‌దానికి పది రెట్లుంటే చాలంటారు కదా, ఇక్కడ పదహారు రెట్లుంది, ఇంకేం కావాలి అనుకున్నా. ఇంటికొచ్చి కచేరీ రికార్డింగ్ పెడితే గాత్రం బ్రహ్మాండంగా ఉంది కానీ మృదంగం తొప్పి (బేస్ పలికే ఎడమ వైపు) మీద దెబ్బ పడితే అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. స్పీకర్లు జరిపా, వైర్లు మార్చా, ఏం లాభం లేదు. చివరికి ప్రీయాంప్ మూత తీయించి చూస్తే దాని అవుట్‌పుట్‌లో కప్లింగ్ కెపాసిటర్ 0.22 మైక్రోఫారడ్.

ట్యూబ్ దగ్గరున్న డీసీ బయటికి రాకుండా ఆపేది ఈ కెపాసిటరే, కానీ అదే పవర్ యాంప్ ఇన్‌పుట్‌తో కలిసి బేస్‌ని కోసేస్తుంది కూడా. లెక్క తేలికే, కిలో ఓమ్స్‌ని మైక్రోఫారడ్స్‌తో గుణించి, 159ని దాంతో భాగిస్తే ఎన్ని హెర్ట్జ్ దగ్గర బేస్ 3 డీబీ (డెసిబెల్స్) పడిపోతుందో వస్తుంది. నాకు 70 వచ్చింది! అదే 47 కిలో ఓమ్స్ యాంప్ అయ్యుంటే 15. జవాబు 20 లోపుంటే పర్లేదు, 10 లోపైతే హాయి. నేను తెలిసిన మెకానిక్ దగ్గర 2.2 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ వేయించా, 7 హెర్ట్జ్‌కి దిగింది, తొప్పి మళ్లీ గుమ్మని పలికింది. మీరు సొంతంగా మాత్రం చెయ్యి పెట్టొద్దు, లోపల 200, 300 వోల్ట్‌లుంటాయి, ప్లగ్ పీకినా కెపాసిటర్లలో చార్జ్ మిగిలే ఉంటుంది.

ఇక ఏం కొనాలంటే, నా ఓటు పాత ఇంటిగ్రేటెడ్ యాంప్‌కే (ప్రీయాంప్, పవర్ యాంప్ రెండూ ఒకే పెట్టెలో ఉండేది), అయితే వెనక ప్రీ అవుట్ (దాని ప్రీయాంప్ నుంచి బయటికి), మెయిన్ ఇన్ (దాని పవర్ యాంప్ లోపలికి) అని విడివిడిగా ఉండాలి. 1978లో వచ్చిన ఎన్ఏడీ 3020 అలాంటిదే, ఆ రెంటినీ కలిపే లింకులు పీకేసి మన ప్రీయాంప్‌ని మెయిన్ ఇన్‌కి ఇస్తే అది ఉత్త పవర్ యాంపే. దాని పవర్ 20 వాట్సే కదా అని తీసిపారేయకండి, 88 డీబీ స్పీకర్ ఒక వాట్‌కే మీటర్ దూరంలో 88 డీబీ ఇస్తుంది, 20 వాట్స్‌కి 101 దాకా వెళ్తుంది, అపార్ట్‌మెంట్ హాల్‌కి అంతకన్నా ఏం కావాలి? వాట్స్ రెట్టింపు చేసినా పెరిగేది 3 డీబీయే.

ఫంక్షన్లకి సౌండ్ పెట్టేవాళ్లు అమ్మే క్రౌన్ ఎక్స్ఎల్ఎస్ 1002 లాంటివి కూడా మంచివే, ఆర్‌సీఏ ఇన్‌పుట్ (ఇంట్లో ఆడియో పరికరాలకి వాడే మామూలు పిన్) ఉంటుంది, పవర్ బోలెడు, కానీ అన్‌బ్యాలెన్స్‌డ్‌లో, అంటే ఆ ఆర్‌సీఏలో, ఇన్‌పుట్ 10 కిలో ఓమ్సే, కాబట్టి పై లెక్క చేశాకే డబ్బులివ్వండి. సెన్సిటివిటీని (ఎన్ని వోల్ట్‌ల సిగ్నల్‌కి ఫుల్ పవర్ ఇస్తుందో అది) 0.775 కాకుండా 1.4 వోల్ట్‌లకి పెట్టుకోండి, ట్యూబ్ ప్రీయాంప్‌లకి గెయిన్ ఎక్కువ, యాంప్ కూడా ఎక్కువ సెన్సిటివ్ అయితే వాల్యూమ్ కాస్త తిప్పగానే అరుస్తుంది, పాట లేనప్పుడు ట్యూబ్ హిస్ (బుస్సుమనే శబ్దం) వినబడుతూనే ఉంటుంది.

ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికినా, తెలిసినవాళ్ల దగ్గర కొన్నా మల్టీమీటర్ పట్టుకెళ్లండి. పాట ఆపేసి, స్పీకర్ వైర్లు పీకేసి, టెర్మినల్స్ మీద డీసీ చూడండి, 50 మిల్లీవోల్ట్‌ల లోపుండాలి, వోల్ట్‌లలో కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి, స్పీకర్ కాయిల్ కాలిపోతుంది. వెనక 110 వోల్ట్ అని రాసుందేమో కూడా చూడండి, మన 230లో నేరుగా పెడితే పొగే.

ఇంటికి తెచ్చాక ముందు ప్రీయాంప్ ఆన్ చేయాలి, ట్యూబ్‌లు వేడెక్కడానికి ఒక నిమిషం ఆగాలి, అప్పుడు పవర్ యాంప్ వేయాలి. ఆపేటప్పుడు ముందు పవర్ యాంప్. మా ఇంట్లో పిల్లలు స్విచ్ వేస్తారని రెండు స్విచ్‌ల మీదా 1, 2 అని స్టిక్కర్లు అంటించా.