పొలం ఎంచుకునే ముందు వీసా షరతులు చదవండి

విదేశాల్లోని సేంద్రియ వ్యవసాయ క్షేత్రాల్లో స్వచ్ఛందంగా పనిచేస్తూ కొన్నాళ్లు గడపాలనుకునే మన యువతీయువకులు, పొలాన్ని ఎంచుకోవడానికి ముందే ఆ దేశపు వీసా షరతులను శ్రద్ధగా చదవడం అవసరం. 1971లో ఇంగ్లండులో మొదలైన ‘వూఫ్’ (WWOOF) అనే ఈ స్వచ్ఛంద సేవా పద్ధతిలో రోజుకు సుమారు 4 నుంచి 6 గంటల పనికి ప్రతిగా భోజనం, వసతి లభిస్తాయి. జీతమంటూ ఉండదు కనుక ఇది ఉద్యోగం కిందికి రాదని చాలామంది భావిస్తారు. అయితే న్యూజిలాండ్ వలస నిబంధనల ప్రకారం ఆ భోజనం, వసతి కూడా ప్రతిఫలమే కాబట్టి, సందర్శక వీసా మీద వెళ్లినవారు ఈ పని చేయకూడదు. విమానాశ్రయంలో అధికారి అడిగితే స్నేహితుల ఇంటికి వచ్చామని చెప్పమనేవారి సలహాను దయచేసి వినకండి. ఆ అబద్ధం బయటపడితే తరువాతి వీసాలకు కూడా అడ్డుపడవచ్చు.

తగిన అనుమతి దొరికాక, పని గంటలు, వారపు సెలవు, శాకాహారం సంగతులను పొలం యజమానిని అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇక్కడి పొలంలో తొడిగిన బూట్లను న్యూజిలాండ్‌కు తీసుకువెళ్లేటట్లయితే, మట్టి ఆనవాలు లేకుండా కడిగి ఆరబెట్టి, ఆ దేశంలోకి ప్రవేశించేటప్పుడు నింపి ఇవ్వాల్సిన ప్రయాణికుల ప్రకటన పత్రంలో తప్పక పేర్కొనండి; చెప్పకుండా తీసుకువెళ్లినట్లు తేలితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా విధించవచ్చు.